డెక్ కొటేషన్లు 14,500 నుంచి 34,200 దాకా! ఇంత తేడా ఎందుకు?

ఆష్‌బర్న్_ఆవకాయ | మార్చి 8, రాత్రి 9:40

అందరికీ నమస్కారం. ఇక్కడ చదవడమే గానీ ఎప్పుడూ రాసింది లేదు. ఇప్పుడు తప్పడం లేదు.

మాది ఉత్తర వర్జీనియా, లౌడన్ కౌంటీ. ఇల్లు కొని మూడేళ్ళయింది. వాకౌట్ బేస్‌మెంట్ (కింది అంతస్తు వెనక వైపు నేలకి తెరుచుకునేది) కాబట్టి వంటింటి వెనక తలుపు తీస్తే నేల తొమ్మిదడుగుల కింద ఉంటుంది. బిల్డర్ ఆ తలుపుకి అడ్డంగా రెండు చెక్కలు కొట్టి తన దారిన పోయాడు. జూన్‌లో అమ్మానాన్న తెనాలి నుంచి ఆరు నెలలకి వస్తున్నారు. ఈలోపు డెక్, అంటే ఆ తలుపు ఎత్తున స్తంభాల మీద చెక్క వసారా, కట్టించాలి.

కొలత 20 అడుగులు బై 16. కిందికి మెట్లు. పైన కాంపోజిట్ (చెక్కపొడి, ప్లాస్టిక్ కలిపి చేసిన) పలకలు. ముగ్గురిని పిలిచాను. మొదటాయన పక్క వీధిలో ఫెన్స్ వేసినవాడు, 14,500 డాలర్లన్నాడు. సగం ఇప్పుడే క్యాష్ ఇవ్వాలట. పర్మిట్ "మీ పేరు మీద తీసుకుంటే తొందరగా వస్తుంది, అసలు తీసుకోకపోయినా ఎవరూ అడగరు" అన్నాడు. రెండో ఆయన 27,800. మూడోది షోరూమ్ ఉన్న కంపెనీ, 34,200. పలక రంగులు చూపించడానికే గంటన్నర పట్టింది.

ముగ్గురూ కాంపోజిట్ అనే అంటున్నారు. మరి ఈ 20 వేల తేడా ఎక్కడిది? మా ఆవిడ మొదటాయన వైపు, నేను రెండో ఆయన వైపు. మూడో వాడి వైపు ఎవరూ లేరు.

ఫ్రిస్కో_పెసరట్టు | మార్చి 8, రాత్రి 9:58

సగం క్యాష్ అన్నప్పుడే కాఫీ ఇచ్చి పంపెయ్యాల్సింది బ్రో.

చెక్కపని_చంటి | మార్చి 8, రాత్రి 11:25

ఆవకాయ గారూ, మాది మేరీల్యాండ్. వృత్తి సాఫ్ట్‌వేరే గానీ రంపం పిచ్చి ఉంది. సొంతంగా ఒక డెక్ కట్టాను, ఇద్దరు స్నేహితులు కట్టించుకుంటుంటే దగ్గరుండి చూశాను. అందుకే కాస్త పెద్దగా రాస్తున్నా, ఓపిక పట్టండి.

ముగ్గురూ కాంపోజిట్ అన్నారంటే ముగ్గురూ పైన కనబడే పలక గురించే మాట్లాడారు. డబ్బు తేడా వచ్చేది రేపు మీరు కుర్చీ వేసుకుని కూర్చున్నాక కంటికి ఆనని చోట్ల.

ముందు లెడ్జర్. ఇంటి గోడకి అడ్డంగా బిగించే పొడవాటి చెక్క అది. డెక్ బరువులో దాదాపు సగం దాన్ని పట్టుకునే వేలాడుతుంది. అమెరికాలో డెక్‌లు కూలినప్పుడు తరచూ ఊడి వచ్చేదీ అదే. సైడింగ్ (గోడ పైతొడుగు) విప్పి, లోపలున్న ఇంటి దూలానికి అర అంగుళం లాగ్ స్క్రూలతోనో బోల్టులతోనో బిగించాలి. ఉత్త మేకులు కొడితే బిల్డింగ్ కోడ్ ఒప్పుకోదు. ఆ సందులోకి వాన నీళ్ళు దిగకుండా పైన ఫ్లాషింగ్ అనే రేకు వెయ్యాలి. ఇక్కడ ఒక కిటుకుంది. ఇప్పుడు దొరికే ట్రీటెడ్ కలపలో (కుళ్ళకుండా మందు పట్టించినది) రాగి మందు ఉంటుంది. అల్యూమినియం రేకు దానికి తగులుతూ ఉంటే కొన్నేళ్ళకి చిల్లులు పడుతుంది. మామూలు మేకులూ అంతే. హాట్ డిప్ గాల్వనైజ్డ్ (మందంగా జింకు పూత పూసినవి) గానీ స్టెయిన్‌లెస్ గానీ వాడాలి. ఒక పెట్టెకీ ఇంకో పెట్టెకీ ధరలో చాలా తేడా. చవక కొటేషన్ వాడు మిగుల్చుకునేది ఇలాంటి చోటే.

మీ వెనక గోడకి ఇటుక ఉందా? ఉంటే దానికి లెడ్జర్ బిగించకూడదు. ఇక్కడి ఇటుక గోడ చాలావరకు అలంకారం, బరువు మొయ్యదు. అప్పుడు ఇంటిని ఆనకుండా తన కాళ్ళ మీద తను నిలబడే డెక్ కట్టించుకోవాలి. ఖర్చు పెరుగుతుంది. బయటికి పొడుచుకొచ్చిన బే కిటికీ ఉన్నా అదే తంటా.

తర్వాత పునాది. చలికాలంలో నేల గడ్డకట్టి ఉబ్బుతుంది. కాంక్రీటు అడుగు ఆ లోతు కన్నా కిందికి వెళ్ళకపోతే ఏటా స్తంభాన్ని పైకి తన్ని, వసంతంలో మళ్ళీ వదిలేస్తుంది. మీ వైపు కనీసం 24 అంగుళాలు. తొమ్మిదడుగుల ఎత్తు కాబట్టి స్తంభాలు ఆరు బై ఆరు ఉండాలి. నాలుగు బై నాలుగు పెడతానంటే అక్కడే ఆగిపోండి.

ముగ్గురికీ ఒకే మెయిల్ పంపండి: లెడ్జర్ దేనితో బిగిస్తారు, గుంట ఎంత లోతు, పలకల కింద వాసాల మధ్య దూరం ఎంత, పర్మిట్ ఎవరు తీస్తారు? వాసాలు మామూలుగా 16 అంగుళాలకి ఒకటి. పలకలు ఐమూలగా వెయ్యాలంటే 12కి తగ్గించాలి. జవాబు ఎలా ఇస్తారో చూస్తే మనిషి తెలిసిపోతాడు.

ఎడిసన్_అత్తయ్య | మార్చి 9, ఉదయం 7:15

చంటీ, నువ్వు ఇదంతా ఆరేళ్ళ కిందట రాసి ఉంటే నా డబ్బులు మిగిలేవి నాయనా.

మాది న్యూజెర్సీ. గుడిలో పరిచయమైన వాళ్ళు చెప్పారని ఒకతన్ని పెట్టుకున్నాం. మాట మంచివాడు. "ఆంటీ, ఆంటీ" అంటూ మా ఇంట్లో ఉప్మా కూడా తిన్నాడు. సగం సొమ్ము తీసుకుని వెనకాల ఆరు గుంతలు తవ్వాడు. తర్వాత మొదటి వారం వాన, రెండో వారం వాళ్ళమ్మకి ఒంట్లో బాలేదు, మూడో వారం నుంచి ఫోన్ లేదు. ఆ గుంతల్లో నీళ్ళు నిలిచి దోమలు. చివరికి మా ఆయనే మట్టి పోసి పూడ్చుకున్నాడు.

తర్వాత తెలిసింది, మా రాష్ట్రంలో ఇంటి పనులు చేసే కాంట్రాక్టర్ రిజిస్టర్ చేసుకోవాలి, ఆ నంబరు 13విహెచ్ అని మొదలవుతుంది. 500 డాలర్లు దాటిన పనికి రాతపూర్వకంగా ఒప్పందం ఉండాలి. ఒప్పందం కాగితం అందాక మూడు పనిదినాల్లోపు రద్దు చేసుకోవచ్చు. మాకు కాగితమే లేదు, ఇంకేం రద్దు చేస్తాం! వాడి ట్రక్కు మీద కూడా నంబరు లేదు. నేను చూసింది వాడి నుదుటి మీద బొట్టు.

మనవాళ్ళు చెప్పారు కదా అని మాత్రం వెళ్ళొద్దు. ఆ చెప్పినవాళ్ళు ఇప్పటికీ గుడిలో కనబడితే తల తిప్పుకుంటారు.

ఆష్‌బర్న్_ఆవకాయ | మార్చి 9, మధ్యాహ్నం 12:50

అత్తయ్య గారూ, చదివి భయమేసింది. చంటి గారూ, వెనక అంతా వినైల్ సైడింగే, ఇటుక లేదు. మెయిల్ పంపాను.

ఒక అనుమానం. పర్మిట్ నా పేరు మీద తీస్తే నష్టమేమిటి? ఇల్లు నాదే కదా. ఫీజు కూడా మహా ఎక్కువేం కాదు.

చెక్కపని_చంటి | మార్చి 9, సాయంత్రం 6:30

నష్టం ఫీజులో లేదు. పర్మిట్ ఎవరి పేరు మీద ఉంటే కౌంటీ దృష్టిలో ఆ పని చేసినవాడు వాడే. ఇన్‌స్పెక్టర్ తప్పు పట్టాడనుకోండి, సరిచేయాల్సింది మీరు. లైసెన్స్ ఉన్నవాడు తన పేరు మీదే తీస్తాడు, వాడికది రోజువారీ పని. "మీ పేరు మీద తీయండి" అన్నాడంటే చాలాసార్లు అర్థం ఒకటే, వాడికి లైసెన్స్ లేదు, లేదా ఉన్నది ఇంత పెద్ద పనికి చాలదు. వర్జీనియాలో ఎ, బి, సి అని మూడు తరగతులు. ఒక్కో తరగతికి ఇంత సొమ్ము దాకా అని హద్దు ఉంటుంది. డీపీఓఆర్ (లైసెన్సులిచ్చే రాష్ట్ర శాఖ) వెబ్‌సైట్‌లో పేరు కొడితే రెండు నిమిషాల్లో కనబడుతుంది. పైసా ఖర్చు లేదు.

ఇంకోటి. లైసెన్స్ ఉన్నవాడు మోసం చేస్తే, కోర్టులో గెలిచినా వాడి దగ్గర డబ్బు రాకపోతే, వర్జీనియాలో రికవరీ ఫండ్ అని ఒకటుంది, దానికి అర్జీ పెట్టుకోవచ్చు. లైసెన్స్ లేనివాడి చేతిలో పడితే ఆ తలుపు కూడా మూసుకున్నట్టే.

లీస్‌బర్గ్_లడ్డు | మార్చి 9, రాత్రి 8:05

పర్మిట్ గురించి నా గోల. మేం పాత ఇల్లు అమ్మేటప్పుడు కొనేవాళ్ళు డెక్ పర్మిట్ రికార్డు అడిగారు. లేదు. మాకు ముందున్న ఓనర్ కట్టించింది. మేం కొన్నప్పుడు మా ఏజెంటూ అడగలేదు, మేమూ అడగలేదు. చివరికి పలకలు కొన్ని విప్పి లోపల చూపించి, లేని చోట హ్యాంగర్లు (వాసాలని పట్టుకునే ఇనప కొక్కేలు) కొట్టించి, పర్మిట్ తీసుకుని పాస్ చేయించేసరికి ఐదు వారాలు. క్లోజింగ్ (ఇల్లు చేతులు మారే రోజు) వాయిదా పడింది, కొత్తింటి అప్పుకి ఖాయం చేసుకున్న వడ్డీ రేటు పోయింది. ఆ డెక్ మీద మేం కూర్చున్నది మొత్తం పది సార్లు కూడా ఉండదు.

వాస్తు_వరద | మార్చి 9, రాత్రి 9:30

దిక్కు చెప్పలేదు మీరు. నైరుతి వైపు పల్లంగా ఖాళీ వదిలి, ఈశాన్యంలో ఎత్తుగా బరువు పెడితే...

నిర్వాహకుడు | మార్చి 9, రాత్రి 9:41

వరద గారూ, వాస్తుకి వేరే విభాగం ఉంది. ఇక్కడ బోల్టుల వరకే.

ఫ్రిస్కో_పెసరట్టు | మార్చి 10, ఉదయం 10:10

మీరంతా లైసెన్స్ లైసెన్స్ అంటున్నారు గానీ మా టెక్సస్‌లో ఈ పనికి రాష్ట్ర లైసెన్సే లేదు! ఎలక్ట్రీషియన్, ప్లంబర్, ఏసీ మెకానిక్‌లకి ఉంది. డెక్ వాడికి ట్రక్కుంటే చాలు, కాంట్రాక్టరే. అందుకని మా దగ్గర చూసుకోవాల్సింది సిటీ పర్మిట్, ఇన్సూరెన్స్.

ఇన్సూరెన్స్ అంటే వాడు ఫోన్‌లో చూపించే ఫొటో కాదు. వాడి ఏజెంట్ నుంచి సర్టిఫికెట్ నేరుగా మన మెయిల్‌కి రావాలి. జనరల్ లయబిలిటీతో (మన ఆస్తికి నష్టం జరిగితే ఇచ్చేది) పాటు వర్కర్స్ కాంప్ (పనివాళ్ళకి దెబ్బ తగిలితే ఇచ్చేది) ఉందో లేదో కూడా అడగాలి. మా కలీగ్ ఇంట్లో కూలీ ఒకతను నిచ్చెన మీద నుంచి పడ్డాడు. కాలు విరిగింది. కాంట్రాక్టర్‌కి వర్కర్స్ కాంప్ లేదు. ఆ తర్వాత ఉత్తరాలన్నీ ఇంటాయనకే.

మా వైపు నేల కూడా వేరు. డల్లాస్ చుట్టుపక్కల మన నల్లరేగడి లాంటి మట్టి. వానకి ఉబ్బుతుంది, ఎండకి బీటలు వారుతుంది. గడ్డకట్టే లోతు గొడవ మాకు పెద్దగా లేకపోయినా, ఈ మట్టి కోసమే గుంట లోతుగా వెయ్యాలి. గుంటూరు పత్తి చేల వాళ్ళకి వేరే చెప్పక్కర్లేదు. పైగా ముదురు రంగు కాంపోజిట్ వేయించి జూలైలో చెప్పుల్లేకుండా అడుగు పెట్టాను. నాట్యం వచ్చేసింది.

బే_ఏరియా_బాబాయ్ | మార్చి 10, మధ్యాహ్నం 2:20

అడ్వాన్స్ సంగతి ఎవరూ తేల్చలేదు. మా కాలిఫోర్నియాలో ఇంటి పనికి కాంట్రాక్టర్ తీసుకోగలిగిన అడ్వాన్స్ మొత్తంలో 10 శాతం లేదా 1,000 డాలర్లు, ఏది తక్కువైతే అది. చట్టమే అది. మేరీల్యాండ్‌లో మూడో వంతు మించకూడదు, అంతే కదా చంటీ? మీ వర్జీనియా సంగతి ఎలా ఉన్నా, సగం అడిగేవాడు పాత పని అప్పులు మీ డబ్బుతో తీర్చబోతున్నాడని అనుకోండి. పని ఇంత అయితే ఇంత అని దశలవారీగా ఇవ్వండి.

ఇక ఇన్‌స్పెక్షన్ దండగ అనేవాళ్ళకి ఒక మాట. 2015 జూన్‌లో ఇక్కడే బర్క్‌లీలో ఒక అపార్ట్‌మెంట్ బాల్కనీ విరిగి ఆరుగురు విద్యార్థులు పోయారు. లోపల చెక్క నీటికి కుళ్ళిపోయింది. పైనుంచి చూస్తే ఏమీ తెలియదు. 2003లో షికాగోలో మెట్ల వరండా కూలి 13 మంది పోయారు. అది పర్మిట్ లేకుండా కట్టినదని నగర అధికారులు చెప్పారు. రెండూ పార్టీ జరుగుతుండగానే. మన ఇళ్ళలో సత్యనారాయణ వ్రతం నాడు డెక్ మీద ఎంతమంది ఉంటారో లెక్కేసుకోండి.

చెక్కపని_చంటి | మార్చి 10, మధ్యాహ్నం 3:02

అవును బాబాయ్, మాకు మూడో వంతే.

హైదరాబాద్_హరి | మార్చి 10, రాత్రి 11:55

అన్నా, నేను ఉప్పల్‌ల ఉంటా. మా డాబా మీద పిట్టగోడ కట్టడానికి మేస్త్రికి చాయ్ ఇచ్చి, సిమెంట్ బస్తాలు లెక్కబెట్టుకుంటే అయిపాయె. మీరు చెక్క బల్లకి ఇంత టెన్షన్ పడుతున్నరు. 28 వేల డాలర్లంటే మా దిక్కు ఇంకో ఫ్లోర్ లేస్తది గదా.

ఎడిసన్_అత్తయ్య | మార్చి 11, ఉదయం 6:50

హరీ, మీ మేస్త్రిని పంపించు. వీసా ఖర్చులు నావి.

ఆష్‌బర్న్_ఆవకాయ | మార్చి 14, రాత్రి 10:15

జవాబులు వచ్చాయి. చెప్పాల్సింది చాలా ఉంది.

మొదటాయన మెయిల్‌కి జవాబివ్వలేదు. ఫోన్ చేసి "ఇవన్నీ ఎవరు నేర్పించారు మీకు?" అన్నాడు. లైసెన్స్ వెతికితే అతని పేరు లేదు. మా ఆవిడ కూడా ఇక ఏమీ అనలేదు.

మూడో కంపెనీ ఒక అందమైన పీడీఎఫ్ పంపింది. 26 పేజీలు. అందులో లెడ్జర్ అన్న మాటే లేదు. అడిగితే "అది మా సబ్‌కాంట్రాక్టర్ టీమ్ చూసుకుంటుంది" అన్నారు. కట్టేది వాళ్ళు కాదన్నమాట.

రెండో ఆయన ఒక్క పేజీ పంపాడు. చేత్తో గీసిన బొమ్మ, దాని మీద కొలతలు. లెడ్జర్‌కి బోల్టులు, గుంట 24 అంగుళాల లోతు, కింద వెడల్పు ఇంత, ఆరు బై ఆరు స్తంభాలు, వాసాలు 16 అంగుళాలకి, పర్మిట్ తన పేరు మీద. లైసెన్స్ ఎ తరగతి, ఫిర్యాదులేవీ కనబడలేదు. కట్టిన మూడిళ్ళ చిరునామాలు ఇచ్చాడు. అందులో ఒకటి ఎనిమిదేళ్ళ కిందటిది.

ఆ బొమ్మ నాన్నకి వాట్సాప్‌లో పంపాను. ఆయన ఆర్ అండ్ బీలో రిటైరైన ఏఈ. చెక్క కట్టడం అనగానే మొదట పెదవి విరిచారు. తర్వాత డిజైన్ లోడ్ ఎంత అని అడిగారు. చదరపు అడుగుకి 40 పౌండ్లు అన్నాను. కాసేపు లెక్కేసి, "అంటే చదరపు మీటరుకి 200 కిలోలకి అటూ ఇటూ. మనం ఇంటి గదులకి వేసేదే. సరే, మనుషుల్ని మోస్తుంది" అన్నారు. మొత్తం 320 చదరపు అడుగులకి 12,800 పౌండ్లు. బాబాయ్ గారి వ్రతం లెక్క కూడా సరిపోయింది.

బే_ఏరియా_బాబాయ్ | మార్చి 14, రాత్రి 10:40

ఆ ఎనిమిదేళ్ళ ఇల్లు ముందు చూడండి. కొత్త డెక్ ఎవరిదైనా బాగుంటుంది. పైనుంచి కాదు, కిందికి వెళ్ళి లెడ్జర్ దగ్గర నల్లటి మరకలున్నాయేమో చూడండి. స్క్రూడ్రైవర్ మొనతో మెల్లగా గుచ్చితే మెత్తగా దిగకూడదు. ఇంటివాళ్ళ అనుమతితోనే లెండి.

తులసికోట | మార్చి 15, ఉదయం 9:05

కాంపోజిట్టే ఎందుకు? మాది మామూలు ట్రీటెడ్ పైన్. ధరలో ఎంతో తక్కువ. నడిస్తే చెక్క మీద నడిచినట్టే ఉంటుంది, ప్లాస్టిక్ మీద నడిచినట్టు కాదు.

చెక్కపని_చంటి | మార్చి 15, ఉదయం 11:30

తప్పేం లేదు. కాకపోతే రెండు మూడేళ్ళకోసారి కడిగి స్టెయిన్ పూయాలి. కొత్త కలప తడిగా వస్తుంది, కొన్ని నెలలు ఆరనిచ్చి, నీటి చుక్క వేస్తే పీల్చుకుంటోందా అని చూసి అప్పుడు పూయాలి. కాంపోజిట్‌కి ఆ చాకిరీ లేదు. ట్రెక్స్, టింబర్‌టెక్ లాంటివి 25 ఏళ్ళూ, పై రకాలకి ఇంకా ఎక్కువా వారంటీ ఇస్తాయి. కానీ ఒకటి మర్చిపోతారు అందరూ. ఆ వారంటీ పలకకి. కింద మోసేది మాత్రం అదే ట్రీటెడ్ పైన్. అందుకే వాసాల పై అంచుకి టేప్ వేయించండి, స్క్రూ కన్నాల్లోకి నీళ్ళు దిగవు. ఇంత పెద్ద డెక్‌కి కొన్ని వందల డాలర్లు, అంతే. నేను వేసుకోలేదు, ఇప్పుడు ఏడుస్తున్నా.

తులసికోట | మార్చి 15, మధ్యాహ్నం 1:10

చాకిరీ లేదంటారు గానీ మా మరదలు కాంపోజిట్ మీద బర్నర్ పెట్టి గారెలు వేసింది. నూనె మరక పోలేదు, బర్నర్ కింద పలక ఒంగింది. మనవాళ్ళు పొగ అలారానికి భయపడి వంటంతా డెక్ మీదకి తెస్తారు కదా. ఆవకాయ గారూ, మూకుడూ స్టవ్వూ డెక్ మీద వద్దు, కింద నేల మీది గచ్చు ప్యాటియోలోనే ఉంచండి. వడియాలు మాత్రం భేషుగ్గా ఎండుతాయి, ఉడతలకి కాపలా ఉంటే.

ఆష్‌బర్న్_ఆవకాయ | ఏప్రిల్ 2, రాత్రి 9:20

ఆ ఎనిమిదేళ్ళ డెక్ చూశాను. అది ట్రీటెడ్ చెక్కది. పలకలు రంగు వెలిసి బూడిదలా ఉన్నాయి, లెడ్జర్ మాత్రం గట్టిగా ఉంది. రెండో ఆయనతోనే సంతకం అయింది. 10 శాతం ఇప్పుడు, సామాను దిగాక 30, ఫ్రేమింగ్ ఇన్‌స్పెక్షన్ పాసయ్యాక 40, ఫైనల్ పాసయ్యాక 20. ముందు చివరికి 5 అన్నాడు. 20 అడిగితే తల గోక్కుని ఒప్పుకున్నాడు.

హెచ్‌ఓఏ (మా కాలనీ ఇళ్ళ యజమానుల సంఘం) మాత్రం నన్ను ముప్పుతిప్పలు పెడుతోంది. కౌంటీ పర్మిట్ వచ్చినంత మాత్రాన హెచ్‌ఓఏ ఒప్పుకున్నట్టు కాదని నాకు తెలియదు. రెండూ వేర్వేరు. ప్లాట్ నక్షా మీద డెక్ గీసి, రంగు నమూనాతో పంపాను. రెయిలింగ్ నలుపా తెలుపా అని తిరిగి వచ్చింది. రెండు వారాలు పోయాయి.

లీస్‌బర్గ్_లడ్డు | ఏప్రిల్ 3, ఉదయం 8:15

ఆమోదం కాగితం చేతికి రాకుండా గునపం దించనివ్వకండి. తవ్వే ముందు 811కి ఫోన్ చేశారో లేదో కూడా అడగండి. గ్యాస్, కరెంటు లైన్లు ఎక్కడున్నాయో ఉచితంగా గుర్తులు పెట్టి వెళ్తారు. స్ప్రింక్లర్ గొట్టాలు మాత్రం వాళ్ళు చూడరు, అవి మీరే చెప్పుకోవాలి.

ఆష్‌బర్న్_ఆవకాయ | మే 9, సాయంత్రం 7:45

గుంటల ఇన్‌స్పెక్షన్ ఫెయిల్!

కాంక్రీటు పోయకముందే వచ్చి చూస్తారు కదా. ఐదింటిలో నాలుగు బాగున్నాయి. మూలదాంట్లో కొలత టేపు దించితే 19 అంగుళాలు. అడుగున బిల్డర్ పాతిపెట్టిన చెత్త తగిలింది, కాంక్రీటు పెంకులూ చెక్క ముక్కలూ. అది తీసేసి గట్టి నేల వచ్చేదాకా తవ్వాలన్నారు. కాంట్రాక్టర్ 650 డాలర్లకి ఛేంజ్ ఆర్డర్ (అదనపు పనికి అదనపు ఖర్చు కాగితం) పంపాడు. ఇవ్వాలా? లోతు తవ్వడం ముందే ఒప్పుకున్న పనే కదా?

ఫ్రిస్కో_పెసరట్టు | మే 9, రాత్రి 8:00

ఇవ్వొద్దు. 24 అంగుళాలని కాగితం మీద రాశాడు.

చెక్కపని_చంటి | మే 9, రాత్రి 8:50

పెసరట్టు గారితో ఒప్పుకోను. 24 దాకా వాడి ఖర్చు. చెత్త కోసం అంతకన్నా కిందికి వెళ్ళాల్సి వస్తే అది ఎవరూ ముందు చూడలేరు. ఎంత లోతు వెళ్ళాడు?

ఆష్‌బర్న్_ఆవకాయ | మే 9, రాత్రి 9:12

41 అంగుళాలు.

చెక్కపని_చంటి | మే 9, రాత్రి 9:15

అయితే ఇవ్వండి. కాంక్రీటు పోయకముందే కాగితం పంపాడు చూడండి, అది మంచి లక్షణం. అంతా అయ్యాక నోటి లెక్క చెప్పేవాళ్ళతోనే గొడవ.

ఎడిసన్_అత్తయ్య | మే 10, ఉదయం 7:00

ఇన్‌స్పెక్షన్ లేకపోతే ఆ చెత్త మీదే పోసేసేవాడు కదా. మొదటాయనైతే అసలు ఎవరూ చూసేవారే కాదు.

ఆష్‌బర్న్_ఆవకాయ | జూన్ 21, ఉదయం 10:30

అయిపోయింది. ఫైనల్ పాస్. ఇన్‌స్పెక్టర్ రెయిలింగ్ కడ్డీల మధ్య కొలిచి చూశాడు, నాలుగంగుళాల బంతి దూరకూడదట. ఎత్తు 36 అంగుళాలు. మొత్తం 28,900 అయింది: ఒప్పందం 27,800, గుంటకి 650, వాసాల మీది టేపుకి 450.

చివరి చెక్కు ఇచ్చే ముందు బే ఏరియా బాబాయ్ గారు ఇన్‌బాక్స్‌లో చెప్పినట్టు లీన్ వెయివర్ (ఇంటి మీద హక్కు వదులుకుంటున్నామనే కాగితం) అడిగాను. కాంట్రాక్టర్ కలప దుకాణానికి బాకీ పడితే ఆ దుకాణం వాళ్ళు మన ఇంటి మీద హక్కు వెయ్యొచ్చట, మనం మొత్తం కట్టేసినా సరే. అడిగితే మొహం మాడ్చుకుంటాడనుకున్నా. ట్రక్కులోంచి తీసి ఇచ్చాడు, ముందే సంతకం చేసి పెట్టుకున్నాడు.

నాన్న వచ్చి వారమైంది. రోజూ పొద్దున్నే కాఫీ గ్లాసుతో కిందికి వెళ్ళి లెడ్జర్ బోల్టులు లెక్కపెట్టి పైకి వస్తారు. నిన్న ఒకటి తక్కువైందన్నారు. గుండె ఆగినంత పనైంది. వెళ్ళి చూస్తే మెట్ల నీడలో ఉంది.

తులసికోట | జూన్ 21, ఉదయం 11:05

వడియాలు పెట్టారా?

ఆష్‌బర్న్_ఆవకాయ | జూన్ 21, ఉదయం 11:20

అమ్మ ఈరోజే పిండి కలిపింది. ఉడతల కాపలా నాన్నదే.

ఎడిసన్_అత్తయ్య | జూన్ 21, మధ్యాహ్నం 12:40

బాబూ, మీ నాన్నగారిని ఒక వారం మా ఇంటికి పంపించగలవా? మళ్ళీ కట్టించుకుందామనుకుంటున్నాం. ఉప్మా బాగా చేస్తాను.